పెట్టెలో ప్రెసిడెంట్లు

ప్రశ్న: మేము అమెరికా వచ్చి చాలా ఏళ్లయింది. మా వారికి నాణేల పిచ్చి. ప్రెసిడెంట్ల డాలర్ నాణేలు 2007లో మొదలైనప్పటి నుంచి ఏ యేటికాయేడు ప్రూఫ్ సెట్లు (అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా వేసి డబ్బాలో పెట్టి అమ్మే నాణేలు) తెప్పించారు. బ్యాంకు నుంచి తెచ్చిన రోల్స్ (కాగితం చుట్టిన నాణేల కట్టలు) కొన్ని విప్పకుండా అలాగే ఉన్నాయి. ఒక గుడ్డసంచిలో కెనడీ అర డాలర్లు, 1982 నాటి వాషింగ్టన్ అర డాలర్ ఒకటి, ఫస్ట్ లేడీల (ప్రెసిడెంట్ల భార్యల) బంగారు నాణేలు రెండు ఉన్నాయి. ఇవి కాక టీవీలో చూసి కొన్న రంగులేసినవీ బంగారు పూత పూసినవీ ఓ ఆల్బమ్ నిండా ఉన్నాయి. ఇప్పుడు చిన్న ఇంటికి మారుతున్నాం. "పేరున్న ప్రెసిడెంట్ల నాణేలకు ఎప్పటికైనా గిరాకీ ఉంటుంది, మనవడి చదువుకు పనికొస్తాయి" అంటారు ఆయన. "అన్నీ బ్యాంకులో వేసెయ్యండి" అంటాడు మా అబ్బాయి. ఎవరి మాట వినమంటారు? 
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ఇద్దరి మాటా పూర్తిగా వినకండి. మీ అబ్బాయి చెప్పినట్టు సంచి తీసుకెళ్లి బ్యాంకు కౌంటర్లో కుమ్మరిస్తే, 1964 నాటి వెండి నాణేనికి కూడా చేతిలో యాభై సెంట్లే పెడతారు. మీ వారి లెక్క నమ్ముకుంటే మనవడి ఫీజు సంగతి దేవుడెరుగు, ఆ ప్రూఫ్ సెట్ల మీద పుస్తకాల ఖర్చు కూడా రాదు.

ఆయన "పేరున్న ప్రెసిడెంట్లు" అన్నారు చూడండి, లెక్క తప్పింది అక్కడే. ధర తెచ్చేది పేరు కాదు. యులిసిస్ గ్రాంట్ పుట్టి వందేళ్లయిన సందర్భంగా 1922లో ఆయన బొమ్మతో ఒక వెండి అర డాలర్, ఒక బంగారు డాలర్ వేశారు. రెంటిలోనూ కొన్నిటి మీద ఆయన పేరుకు కాస్త పైన, ఖాళీ జాగాలో, లోపలికి నొక్కినట్టుండే చిన్న నక్షత్రం ఉంటుంది. భూతద్దం లేకపోతే సులువుగా కనబడదు. అర డాలర్లలో నక్షత్రం లేనివి 67 వేల పైచిలుకు బయటికి వెళ్లాయి, ఉన్నవి 4,300 లోపే. అందుకే నక్షత్రమున్న అర డాలర్ లేనిదానికంటే ఎన్నో రెట్లు పలుకుతుంది. బంగారు డాలర్‌లో మాత్రం రెండు రకాలూ ఐదేసి వేల చొప్పున వచ్చాయి. అక్కడ నక్షత్రం ఉన్నా లేకపోయినా ధర ఇంచుమించు ఒకటే. మనిషి అదే గ్రాంట్, నక్షత్రం అదే నక్షత్రం. ఒకచోట దానికి బోలెడు డబ్బు, ఇంకోచోట ఏమీ లేదు. మామూలు అర డాలర్ మీద దొంగ నక్షత్రం గుద్ది అంటగట్టేవాళ్లు కూడా అందుకే పుట్టుకొచ్చారు.

ఇంకొకటి. పదవిలో ఉండగానే నాణెం మీదకెక్కిన ప్రెసిడెంట్ కాల్విన్ కూలిడ్జ్. స్వాతంత్ర్య ప్రకటనకు 150 ఏళ్లు నిండాయని 1926లో వేసిన అర డాలర్ మీద వాషింగ్టన్ పక్కన ఈయన మొహం కూడా వేశారు. పది లక్షలు కొట్టారు. అమ్ముడైనవి లక్షా 41 వేలు. మిగిలిన ఎనిమిదిన్నర లక్షల పైచిలుకూ తిరిగి మింట్ (సర్కారు టంకశాల) కొలిమికే పోయాయి. బొమ్మ ఎంత పలచగా పడిందంటే, కొత్త నాణెం కూడా అరిగిపోయినట్టే ఉండేది. కాబట్టి మొహం స్పష్టంగా, మెరుపు చెడకుండా మిగిలిన నాణెం దొరికితే దానికి మంచి ధర. మామూలు స్థితిలో ఉన్నవాటిని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. కూలిడ్జ్ గారికి అప్పుడూ ఇప్పుడూ వీరాభిమానులేం లేరు. ధర వచ్చింది మిగిలినవాటి లెక్కను బట్టి, అవి ఉన్న తీరును బట్టి.

ఇక మీ పెట్టె దగ్గరికి వద్దాం. ముందు గుడ్డసంచి విప్పండి. మీ ఇంట్లో అందరూ చిన్నచూపు చూస్తున్నది దాన్నే అనుకుంటాను, కానీ ఖాయంగా డబ్బున్నది అందులోనే.

కెనడీ హత్య 1963 నవంబరు 22న జరిగింది. ఆ ఏడాది డిసెంబరు నెలాఖరుకే ఆయన బొమ్మతో అర డాలర్ వేయడానికి చట్టం చేసేశారు. 1964 మార్చిలో నాణేలు బయటికొచ్చేసరికి జనం వరుసలు కట్టి కొన్నారు. ఆ ఒక్క ఏడాది తారీఖుతోనే దాదాపు 43 కోట్లు వేశారు. అన్ని వేసినా చేతులు మారడానికి మాత్రం నాణెం కనపడలేదు. ఎవరికి వాళ్లు దాచుకున్నారు. దాచుకున్నారు కాబట్టే ఈ రోజుకీ అవి కోట్లలో ఉన్నాయి. అందుకని 1964 కెనడీకి సేకరణదారుడిచ్చే విలువంటూ పెద్దగా లేదు. ఉన్నదల్లా వెండి విలువ. పన్నెండున్నర గ్రాముల నాణెంలో 90 శాతం వెండి, అంటే 0.36 ట్రాయ్ ఔన్సు (వెండి బంగారాలు తూచే ఔన్సు). ఆ రోజు వెండి ధరను దీంతో గుణిస్తే మీ నాణెం కరిగింపు ధర వచ్చేస్తుంది. డీలరు అందులో కొంత తగ్గించి ఇస్తాడు, అది మామూలే.

1965 నుంచి 1970 దాకా వేసినవాటిలో వెండి 40 శాతమే. నాణెం బరువు పదకొండున్నర గ్రాములు, వెండి 0.148 ఔన్సు. 1971 నుంచి మామూలు వాడకానికి వేసినవన్నీ రాగి, నికెల్. తారీఖు చదవడానికి ఓపిక లేకపోతే నాణేన్ని నిలబెట్టి అంచు చూడండి. 1964ది చుట్టూ ఒకే తెలుపు. రాగి, నికెల్‌ది అయితే మధ్యలో ఎర్రటి రాగి గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 40 శాతం వెండిది ఈ రెంటికీ మధ్య రకం, గీత ఉన్నా మసగ్గా ఉంటుంది. 1776-1976 అని రెండు తారీఖులున్నవి కనబడితే పొంగిపోవద్దు. అవి లెక్కకు మించి ఉన్నాయి. అందులోనూ 40 శాతం వెండివి కొన్ని వేశారు, అవి శాన్‌ఫ్రాన్సిస్కోవి, వాటి మీద 'ఎస్' అక్షరం ఉంటుంది. అయితే 'ఎస్' ఉన్నవన్నీ వెండివి కావు. అంచు చూసే తేల్చుకోవాలి. 1992 నుంచి వచ్చిన 'ఎస్' ప్రూఫ్‌లకీ ఇదే పరీక్ష, ఎందుకంటే ఆ ఏడాది నుంచి వెండి ప్రూఫ్ సెట్లు విడిగా అమ్మడం మొదలుపెట్టారు.

సంచిలోని కెనడీల్లో వెండిని మించిన ధర పలికేవి ఉంటే గింటే మూడు రకాలు ఉండొచ్చు. ఒకటి, 1970లో డెన్వర్‌లో వేసిన 'డి' నాణెం. ఆ ఏడాది వాడకానికి విడుదల చేయకుండా సెట్లలో పెట్టి మాత్రమే అమ్మారు, మొత్తం 21 లక్షల 50 వేలు. 1968 నుంచి ఈ అక్షరం బొమ్మ వైపు, మెడ కింద, తారీఖుకు పైన ఉంటుంది. రెండోది, 1998 'ఎస్' నాణేల్లో అద్దంలా మెరవకుండా గరుకు కాగితంలా మసగ్గా ఉండేది. కెనడీ తమ్ముడు రాబర్ట్ కెనడీ వెండి డాలర్‌తో జత చేసి అమ్మారు, 62 వేల పైచిలుకే బయటికి వచ్చాయి. డబ్బాతో సహా ఉంటే మరీ మంచిది.

మూడోది 1964 ప్రూఫ్‌లలో తొలి విడత. చెవికి పైన జుట్టు పాయలు మరీ లోతుగా, గట్టిగా చెక్కినట్టుంటాయి. కెనడీ భార్య జాక్వెలిన్‌కు ఆ జుట్టు నచ్చలేదని, అందుకే చెక్కిన గిల్‌రాయ్ రాబర్ట్స్ దాన్ని మెత్తబరిచారని చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా గుర్తు పట్టడానికి ఇంకో ఆనవాలు ఉంది. 'లిబర్టీ' అన్న ఆంగ్ల పదంలో 'ఐ' అక్షరం అడుగున ఎడమ వైపు కొస తెగినట్టు ఉంటుంది. భూతద్దం కింద జుట్టూ ఆ కొసా రెండూ సరిపోతేనే అది తొలి విడతది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఇది ప్రూఫ్ నాణేలకే. జేబుల్లో తిరిగి అరిగిన 1964 నాణెం మీద ఈ జుట్టు కోసం వెతుక్కోవడం వృథా.

1982 వాషింగ్టన్ అర డాలర్ కూడా ఈ కుప్పలోనే పెట్టండి. స్మారక నాణేలు 1954లో ఆపేశాక మళ్లీ మొదలుపెట్టింది దాంతోనే, వాషింగ్టన్ 250వ జయంతికి. చరిత్రలో దానికో చోటుంది, నాకూ ఇష్టమైన నాణెమే. కానీ 70 లక్షల పైచిలుకు అమ్ముడైంది. 1964 కెనడీలో ఎంత వెండి ఉందో ఇందులోనూ అంతే, ధర కూడా ఇంచుమించు అంతే.

ఇక డాలర్లు. ఇవి పసుప్పచ్చగా ఉంటాయి గానీ రవ్వంత బంగారం కూడా లేదు. రాగి మీద మాంగనీసు ఇత్తడి తొడుగు, బరువు 8.1 గ్రాములు. 2005 డిసెంబరులో చట్టం చేసి, 2007 నుంచి ఏడాదికి నలుగురి చొప్పున వరుసగా వేసుకుంటూ పోయారు. చనిపోయి కనీసం రెండేళ్లయిన వాళ్లకే ఈ గౌరవం. గ్రోవర్ క్లీవ్‌లాండ్ మధ్యలో విరామమిచ్చి రెండుసార్లు పదవిలో ఉన్నాడు కాబట్టి ఆయనకు రెండు నాణేలు దక్కాయి. మొదటి వాషింగ్టన్ నాణేలు 34 కోట్లు వేశారు. జనానికి కాగితం డాలర్ అలవాటు, నాణెం జేబులో బరువు. దాంతో వేసినవి వేసినట్టే వెనక్కి తిరిగొచ్చి ఇక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఖజానాల్లో పోగుపడ్డాయి. ఆ మధ్య కొందరు గడుసువాళ్లు మింట్ దగ్గర క్రెడిట్ కార్డు మీద డాలర్ నాణేలు పెట్టెలకు పెట్టెలు కొనేవాళ్లు. రవాణా ఉచితం. వచ్చినవి వచ్చినట్టే బ్యాంకులో వేసి కార్డు బాకీ తీర్చేసేవాళ్లు, విమానం మైళ్లు మాత్రం ఖాతాలో పడేవి. ఈ నాణేల మీద నిజంగా లాభపడ్డది వాళ్లేనని నా అనుమానం. 2011 చివరికి 140 కోట్లకు పైగా డాలర్ నాణేలు అక్కర్లేక పడి ఉన్నాయని తేల్చి, వాడకానికి వేయడం ఆపేశారు. ఆ తర్వాత 2016లో నిక్సన్, ఫోర్డ్, రీగన్ దాకా సేకరణదారులకే వేశారు. 2020లో పెద్ద బుష్‌ది ఒకటి వచ్చింది.

దీన్నిబట్టి మీ బ్యాంకు రోల్స్ సంగతి మీకే తెలిసిపోయి ఉంటుంది. అబ్బాయి మాట వీటి విషయంలో నిజం. అయితే బ్యాంకుకు ఇచ్చే ముందు ఒక సాయంత్రం కూర్చుని వాటి అంచులు చూడండి. ఈ నాణేలకు తారీఖు, మింట్ అక్షరం అంచు మీదే ఉంటాయి. అంచు రాత విడిగా ఇంకో యంత్రం మీద వేసేవాళ్లు. 2007లో వేల కొద్దీ వాషింగ్టన్‌లు ఆ యంత్రం ఎక్కకుండానే బయటికి వెళ్లిపోయాయి. 'దేవుణ్ణి నమ్ముతాం' అన్న వాక్యం కూడా అప్పట్లో అంచు మీదే ఉండేది కాబట్టి పత్రికలు వాటికి 'దేవుడు లేని డాలర్లు' అని పేరు పెట్టాయి. మొదట్లో వందల డాలర్లు పలికి, ఇలాంటివి వేలల్లో ఉన్నాయని బయటపడగానే దిగొచ్చాయి. అయినా ఇప్పటికీ ముఖవిలువకు ఎన్నో రెట్లు వస్తుంది. నున్నటి అంచు కనబడితే తూకం వేయండి. ఆకురాయితో అంచు గీకి మోసం చేసేవాళ్లూ ఉన్నారు, గీకితే బరువు తగ్గుతుంది. అంచు రాత తలకిందులుగా ఉందని మాత్రం ఎవరికీ ఫోన్లు చేయకండి. నాణేలు ఎటుపడితే అటు యంత్రంలోకి వెళ్లేవి. సగం అలాగే ఉంటాయి, అది తప్పు కాదు.

ప్రూఫ్ సెట్ల గురించి చెప్పాలంటే మీ వారికి కోపం రావచ్చు. కానీ పాతకాలపు నాణేనికీ వీటికీ ఒక తేడా ఉంది. 1909 లింకన్ సెంటును ఎవరూ డబ్బాలో పెట్టుకుని కొనలేదు. జనం ఖర్చు పెట్టారు, పోగొట్టుకున్నారు, అరగదీశారు. అందుకే శాన్‌ఫ్రాన్సిస్కోలో చెక్కిన విక్టర్ డేవిడ్ బ్రెన్నర్ పొడి అక్షరాలతో వేసిన 4,84,000 సెంట్లలో ఒకటి బాగున్న స్థితిలో దొరికితే ఇవాళ వేల డాలర్లు. ప్రూఫ్ సెట్టు పుట్టడమే ప్లాస్టిక్ డబ్బాలో పుట్టింది. కొన్న ప్రతివాళ్లూ మీ వారిలాగే పదిలంగా దాచారు. అందరి దగ్గరా చెక్కుచెదరకుండా ఉన్న వస్తువును ఎక్కువ పెట్టి కొనేదెవరు? 2007లో నాలుగు నాణేల సెట్టు 14.95 డాలర్లకు అమ్మారు. ఇప్పుడు చాలా ఏళ్ల సెట్లు ఆ ధరకు కూడా డీలర్లు తీసుకోరు. 2012ది మాత్రం విడిగా పెట్టండి. ఆ ఏడాది తక్కువ మంది కొన్నారు, అందుకే తోటివాటికంటే దానికి ధర ఎక్కువ. అలాగే 2015లో ట్రూమన్, ఐజన్‌హోవర్‌ల పేరిట వెండి పతకంతో కలిపి అమ్మిన పెట్టెలు మీ వారు తెప్పించారేమో అడగండి. వాటిలోని డాలర్‌కు బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ జాగా అద్దంలా, మొహం మసగ్గా కాకుండా, ఖాళీ జాగా మసగ్గా, మొహం అద్దంలా ఉంటుంది, మామూలు ప్రూఫ్‌కు సరిగ్గా తిరగేసినట్టు. ఒక్కోటి 17 వేలకు మించి అమ్మలేదు, పెట్టిన కాసేపటికే అయిపోయాయి. అవి ఉంటే వాటిని ఇంత తేలిగ్గా వదలకండి.

తక్కువ వేస్తే చాలు ధర వచ్చేస్తుందనుకోవడమూ పొరపాటే. అందుకు సాక్ష్యం మీ పెట్టెలోనే ఉంది, ఫస్ట్ లేడీల బంగారు నాణేలు. ఒక్కోదాంట్లో అర ఔన్సు స్వచ్ఛమైన బంగారం. వరుసలో తర్వాతి ఏళ్లవి కొన్ని రెండు మూడు వేలకు మించి అమ్ముడుపోలేదు. 19వ శతాబ్దపు నాణెమైతే ఆ సంఖ్యకు జనం ఎగబడేవాళ్లు. కానీ ఈ వరుస మొత్తం పూర్తి చేయాలంటే నలభై దాకా బంగారు నాణేలు కొనాలి, ఆ స్తోమత ఎంతమందికి ఉంటుంది? పైగా చాలా పేర్లు అమెరికన్లకే గుర్తు లేవు. చెస్టర్ ఆర్థర్ పదవికి రాకముందే భార్య పోయింది. అందుకని ఆయన వంతు నాణెం మీద మహిళల ఓటు హక్కు కోసం పోరాడిన ఆలిస్ పాల్‌ను వేశారు. ఎంచుకోవడం బాగుంది, కొనేవాళ్లు మాత్రం పెరగలేదు. కాబట్టి ఎక్కువ భాగం బంగారం ధర మీద కాస్త అటూ ఇటూగానే అమ్ముడవుతాయి. మీ వారికి ఇందులో నష్టమేమీ లేదులెండి. ఈ వరుస మొదలైన 2007లో ఒక్కోటి 400 డాలర్ల పైచిలుకుండేది. అప్పటికీ ఇప్పటికీ బంగారం ఎంత పెరిగిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆయన నాణేలు సేకరిస్తున్నాననుకుంటూ బంగారం కొన్నారు, ఆ బంగారమే గట్టెక్కించింది.

టీవీ ఆల్బమ్ గురించి రెండే మాటలు. రంగు వేసినా, పూత పూసినా సేకరణదారుడి దృష్టిలో అది పాడైన నాణెం. ఆ పూతలో బంగారం గీకి తీసినా కంటికి ఆనదు. 'అసలైనదని హామీ పత్రం' అని పక్కన పెట్టేది ఆ అమ్మిన కంపెనీ తనకు తాను ఇచ్చుకున్న కితాబు మాత్రమే. అడుగున ఉన్నది నిజమైన కెనడీ నాణెమైతే దాని ముఖవిలువ యాభై సెంట్లు. మనవడు ఆడుకుంటానంటే ఇవ్వండి.

ఏదీ కడగకండి. ఈ మాట వందసార్లు చెప్పినా చాలదు. చింతపండు, పళ్లపొడి, మెత్తటి గుడ్డ, ఏదీ వద్దు. కడిగిన నాణేన్ని డీలరు ఒక్క చూపుతో పసిగట్టి సగానికి సగం తగ్గిస్తాడు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో ఉన్నవాటి మీద పచ్చటి జిగురులాంటిది కనబడితే, ఆ కవర్ల నుంచి తీసి గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చండి, అంతే. అలాగే ప్రతి నాణేన్నీ గ్రేడింగుకు (నాణెం అసలుదో కాదో, ఏ స్థితిలో ఉందో తేల్చే కంపెనీకి) పంపించమని ఎవరన్నా చెబితే వినకండి. మామూలు డాలర్‌కు గ్రేడింగ్ ఫీజు నాణెం కంటే ఎక్కువ. నేను పైన విడిగా పెట్టమన్నవాటికి, అవి నిజంగా అవేనని ఒక డీలరు చూసి చెప్పాక మాత్రమే ఆ ఖర్చు దండగ కాదు. అమ్మేటప్పుడు కూడా మొత్తం పెట్టెకు ఒకే ధర చెప్పించుకోకండి. వెండి విడిగా, బంగారం విడిగా, ప్రత్యేకమైనవి విడిగా కనీసం ఇద్దరు ముగ్గురి దగ్గర అడగండి. ఒకే ధరకు అన్నీ అంటే ఆ కలగాపులగంలో పోయేది మీ వెండే.

చివరగా మీ వారి పాత రసీదులు. మింట్ నుంచి వచ్చిన బిల్లులు ఆయన దాచే ఉంటారు, ఇలాంటివాళ్లు దాస్తారు. ఇల్లు మారే హడావిడిలో చెత్తబుట్టలో వేయకండి. నాణేలను ఇక్కడి పన్నుల శాఖ సేకరణ వస్తువుల కింద లెక్కగడుతుంది. ఏడాది దాటి ఉంచుకుని అమ్మితే లాభం మీద పన్ను 28 శాతం దాకా ఉండొచ్చు. ఎంతకు కొన్నారో కాగితం లేకపోతే ఆ బంగారు నాణేల మీద లాభమెంతో తేల్చి చూపించడం కష్టం. ఒకవేళ అమ్మకుండా మనవడికే ఇవ్వాలని ఇద్దరూ ఒక మాట మీదకు వస్తే, ఆ నాణేలతోపాటు వాటి రసీదులు కూడా వాడి పేరిట కవరులో పెట్టి ఇవ్వండి. మీ చేతులతో ఇచ్చినవాటిని వాడు రేపు అమ్మితే, లాభం లెక్క మొదలయ్యేది తాతగారు కొన్న ధర నుంచే.